కొత్త కాళ్లు వచ్చేలోపు...

"అయ్యో, బంగారంలాంటి పిల్ల! ఇక దీని బతుకేం కానమ్మా!"

ఆస్పత్రికి చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ మాట అనే వెళ్లారు. మంచం మీద ఉన్నది ఐదేళ్ల పాప. లారీ ప్రమాదంలో రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసెయ్యాల్సి వచ్చింది. నొప్పి తగ్గుతుందని తల్లి ఆ మోకాళ్ల కింద మెత్తటి దిండు పెట్టింది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చీరాగానే చేసిన పని ఆ దిండు తీసెయ్యడం!

"ఆ మాత్రం సుఖం కూడా ఇవ్వకూడదా?" అంటూ తల్లి కోపంగా చూసింది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే అంటాం. కానీ ఆ దిండు సంగతి మనందరం తెలుసుకోవాలి.

మోకాలు వంచి ఉంచితే అప్పటికి హాయిగానే ఉంటుంది. రోజుల తరబడి అలాగే ఉంటే కండరాలు కురచబడి కీలు బిగుసుకుపోతుంది. చాపలేని కాలికి కృత్రిమ కాలు సరిగ్గా అమరదు, అమర్చినా నడవడం కష్టం. అందుకే మోకాలు చాపి ఉంచాలి. గంటల తరబడి కుర్చీలో కూర్చోబెట్టకూడదు. డాక్టరు సరేనన్నాక రోజుకి రెండు మూడుసార్లు కాసేపు బోర్లా పడుకోబెడితే తుంటి కీలు కూడా బిగుసుకోదు.

ఇక కట్టు. వాపు తగ్గి, మిగిలిన కాలికి సరైన రూపు రావడానికి క్రేప్ బ్యాండేజి కడతారు. ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. కొసన బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా ఉండాలి. పైన బిగిస్తే రక్తం సరిగ్గా ఆడదు. ఇంటికి వచ్చేలోపే తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ పని నేర్చుకోవాలి. గాయం మానాక రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూస్తుండాలి.

"అమ్మా, నా పాదం దురద పెడుతోంది" అని పాప అంటే కంగారుపడకండి, కసరకండి. లేని పాదం ఉన్నట్టు అనిపించడం నిజమే. నొప్పిగా ఉందంటే మాత్రం డాక్టరుకి చెప్పండి. "కాళ్లు మళ్లీ మొలుస్తాయా?" అని అడిగితే అబద్ధం చెప్పొద్దు. "మొలవవమ్మా, కొత్త కాళ్లు పెడతారు, నడవడం నేర్చుకుందాం" అనండి.

ఇది ఉత్త ఊరడింపు కాదు. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన జైపూర్ పాదం ఎందరినో నడిపించింది. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ ఆ పాదంతోనే మళ్లీ నాట్యం చేశారు. 'మయూరి'లో ఆమెను చూసి చప్పట్లు కొట్టిన వాళ్లమే కదా మనం!

అయితే పిల్లలకి కాలు ఒక్కసారి పెట్టిస్తే సరిపోదు. ఎదిగేకొద్దీ చెప్పుల్లాగే అవీ చిన్నవైపోతాయి. చిన్నప్పుడు దాదాపు ఏడాదికోసారి, తర్వాత రెండేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది. లోపల ఎముక కొస పెరిగి చర్మాన్ని పొడవచ్చు కూడా. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకూడదు. జైపూర్‌లోని భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి 1975 నుంచి కృత్రిమ కాళ్లు ఉచితంగా ఇస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి ఉచితంగా చదువుకునే హక్కుంది. "మా బళ్లో మెట్లున్నాయండీ" అని ఎవరైనా అంటే తలవంచుకుని వెనక్కి రానక్కర్లేదు.

ఇంకో మాట. ఇలాంటి ఇంట్లో "పిల్లని ఆ మాత్రం చూసుకోలేకపోయావా?" అనే ప్రశ్న తల్లికే ఎదురవుతుంది. తనని తాను తిట్టుకునే తల్లి ఆ తప్పు దిద్దుకోవాలని పిల్లని చంక దించదు. మంచినీళ్లు కూడా తాగిస్తుంది. ఆ చంక కూడా ఒక దిండే! గాయం మానాక పాకనివ్వండి, ఆడనివ్వండి, తన గౌను తననే తొడుక్కోనివ్వండి. చేతుల్లో, నడుములో బలం ఉంటేనే రేపు కొత్త కాళ్ల మీద నిలబడగలిగేది.

ఆ తల్లి ఇప్పుడు కట్టు తనే కడుతోంది. చూడవచ్చిన వాళ్లతో ఒకటే అంటోంది. "పాపం అనకండి వదినా, కూర్చుని దీంతో కాసేపు అచ్చంగిల్లాలు ఆడండి."

మనం చెయ్యగలిగిన సాయం కూడా అదే.