పాఠం మరిచిన తోడు నక్షత్రం

చిత్త కార్తె గురించి నర్సీపట్నం రైతుకు వేరే చెప్పక్కర్లేదు. చైత్ర మాసానికి పేరు వచ్చిందీ ఆ నక్షత్రం వల్లే. కంటికి ఒక్కటిగా కనిపించే చిత్త నిజానికి జంట అని 1890లోనే జర్మనీ శాస్త్రవేత్త ఫోగెల్ వర్ణపటం చూసి తేల్చాడు. ఒకటి సూర్యుడికి సుమారు 11 రెట్లు బరువు, రెండోది 7 రెట్లు. నాలుగు రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేస్తున్నాయి. వాటి మధ్య దూరం సూర్యుడికీ బుధుడికీ ఉన్న దూరంలో మూడో వంతే కావడంతో, పరస్పర ఆకర్షణకు రెండూ కోలగా సాగిపోయాయి. అయినా మన పాఠాలు, గ్రూప్స్ గైడ్లు నక్షత్రం ఎలా చస్తుందో పుట్టినప్పటి ద్రవ్యరాశే నిర్ణయిస్తుందని ఒక్క వాక్యంలో ముగించేస్తున్నాయి. సూర్యుడి వరకు అది సరే. భారీ నక్షత్రాల విషయంలో మాత్రం ఆ వాక్యం తప్పుదారి పట్టిస్తోంది.

జంటలో బరువైనది ముందుగా ఇంధనం ఖర్చుచేసుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన పైపొరలు తోటి నక్షత్రం ఆకర్షణకు చిక్కి అటు ప్రవహిస్తాయి. ఇచ్చినది హైడ్రోజన్ కోల్పోయి, చివరికి హైడ్రోజన్ జాడలేని సూపర్‌నోవాగా పేలవచ్చు. పుచ్చుకున్నది బరువెక్కి, వేగంగా తిరుగుతూ, వయసు తగ్గినట్టు కనిపిస్తుంది. కొన్ని జంటలు కలిసిపోయి ఒక్కటే అవుతాయి. 1987లో పెద్ద మెజెల్లాన్ మేఘం అనే గెలాక్సీలో పేలింది అనుకున్నట్టు ఎర్ర మహాతార కాదు, నీలి మహాతార. రెండు నక్షత్రాలు కలిసి అది ఏర్పడిందన్నదే ఎక్కువమంది అంగీకరించే వివరణ. 2012లో ఖగోళ శాస్త్రవేత్త సనా బృందం 71 అతిభారీ నక్షత్రాలను పరిశీలించి, అలాంటివాటిలో 70 శాతానికి పైగా తోడుతో ద్రవ్యం మార్చుకుంటాయని లెక్కతేల్చింది.

డెబ్భై ఒక్క నక్షత్రాలతో అంత మాట అనవచ్చా అని అడగవచ్చు. శాతం రేపు కొంత మారవచ్చు. ప్రవహించిన ద్రవ్యంలో ఎంత తోటిదానికి చేరుతుంది, ఎంత అంతరిక్షం పాలవుతుంది అన్నదీ ఇంకా తేలలేదు. కానీ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుందన్నది అంచనా కాదు. ఆల్గాల్ అనే నక్షత్ర జంటలో తేలికదే ముందుగా ముసలిదైంది. ద్రవ్యం చేతులు మారిందనుకుంటే తప్ప అది పొసగదు. ఆల్గాల్‌లాగే ఒకదాన్నొకటి గ్రహణంలా కప్పుకునే జంటలను రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా ఆచార్యులు అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అంటే ఇది మనకు పరాయి విద్యేమీ కాదు.

పిల్లలకు ఇది బరువవుతుందన్న అభ్యంతరం మరీ బలహీనం. చంద్రశేఖర్ పరిమితి సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లని నోటికి చెప్పే విద్యార్థికి, నక్షత్రం చచ్చాక మిగిలే ఒంటరి శ్వేతకుబ్జం దానంతట అది ఆ గీత దాటదనీ, దాటించేది తోడేననీ చెప్పడం కష్టమా? పాఠ్యపుస్తకాలు రాసేవారు ఆ ఒక్క పేరా చేర్చాలి. అంతవరకు ఆగక్కర్లేకుండా, ఏప్రిల్ రాత్రుల్లో తూర్పు ఆగ్నేయాన వెలిగే చిత్తను చూపించి మన ఉపాధ్యాయులే ఆ మాట చెప్పాలి.