దాసుని పంటికి దేవుడు కట్టిన వెల

నిర్గమకాండము 21వ అధ్యాయం అనగానే కంటికి కన్ను, పంటికి పన్ను గుర్తుకొస్తాయి. మన ప్రసంగాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇంకో మూడు వచనాలు ముందుకు వెళ్లి 27వ వచనం చదవండి. దేవుడు ఎవరి పంటి గురించి మాట్లాడుతున్నాడో తెలుస్తుంది. అది రాజు పన్ను కాదు, యాజకుని పన్ను కాదు. దాసుని పన్ను, దాసి పన్ను. యజమాని కొట్టి ఒక్క పన్ను ఊడగొడితే, దానికి బదులుగా ఆ మనిషిని విడుదల చేసి పంపేయాలి. పంటికి దేవుడు కట్టిన వెల స్వాతంత్ర్యం.

ఆ కొలతతో నేటి మన చట్టాన్ని, బీమాను, ప్రైవేటు దంత క్లినిక్కులను, చివరికి మన సంఘాలను కూడా కొలిచి చూద్దాం.

ఇది మా కోలారు జిల్లాకు దూరపు సంగతి కాదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక గని కార్మికుల పిల్లలు మారికుప్పం, బంగారుపేట నుంచి రైళ్లెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. మాస్తి చుట్టుపక్కల పల్లెల వాళ్లకు మాలూరు ఇటుక బట్టీలు, పెంకుల ఫ్యాక్టరీలు, నరసాపుర, వేమగల్ పారిశ్రామిక వాడలు దిక్కు. అక్కడ ఇనుప రాడ్డు ఎగిరి మూతికి తగులుతుంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు బండి జారుతుంది. కొందరు అక్కచెల్లెళ్ల పళ్లు ఇంట్లోనే, కట్టుకున్నవాడి చేతిలోనే రాలుతున్నాయి.

చట్టం ఏమంటోంది? దెబ్బకు పన్ను విరిగినా, స్థానం తప్పినా అది తీవ్ర గాయమే అని 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ కూడా ఎముకను, పన్నును ఒకే వరసలో పెట్టింది. రోడ్డు ప్రమాదాల పరిహారంలోనూ తీవ్ర గాయానికి అదే అర్థం. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పెవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు కోరవచ్చు.

అదే పన్ను ఫ్యాక్టరీలో పోతే? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే ఇంత శాతం, కాలివేలు పోతే ఇంత శాతం అని అందులో లెక్క ఉంది. పన్ను లేదు. ఈఎస్ఐ పట్టికలోనూ లేదు. వాటి స్థానంలోకి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిని తెచ్చారు. చట్టం పేరు మారింది, పట్టికలో పన్ను మాత్రం మొలవలేదు. మన ప్రభుత్వాలకు పన్ను అంటే వసూలు చేసుకునేదే గుర్తుకొస్తుంది కాబోలు! పట్టికలో లేని గాయమైతే సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టరు లెక్కగట్టాలి. ముందు పళ్లు లేకున్నా ఇటుకలు మోయగలవు కదా, ఇంకేం నష్టం అంటారు. అంటే కూలివాడి నోరు తినడానికీ, మాట్లాడటానికీ, నవ్వడానికీ పనికిరాదన్నమాట. మోసే చేతులకే వెల.

బీమా సంగతి మరీ అన్యాయం. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో కన్ను, చెయ్యి, కాలు ఉన్నాయి, పన్ను లేదు. 2020లో అన్ని కంపెనీలూ అమ్మాలని తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ గాయం వల్ల చేసే దంత చికిత్సకు డబ్బిస్తానంటుంది. కానీ ఆసుపత్రిలో చేరి 24 గంటలు ఉండాలట. పన్ను విరిగినవాణ్ణి ఏ దంత వైద్యుడు మంచం మీద పడుకోబెడతాడు? కుర్చీలో కూర్చోబెట్టి గంటలో పంపించేస్తాడు. తలుపు తెరిచి ఉందని చూపిస్తూ గడప మీద గోడ కట్టడమంటే ఇదే.

ఇక ప్రైవేటు క్లినిక్కులు. దంత వైద్యులందరూ ఒకేలా ఉంటారని నేను అనను. పేదల దగ్గర సగం డబ్బే తీసుకునేవాళ్లు ఉన్నారు, దేవుడు వాళ్లను దీవించును గాక. కానీ ఎన్నోచోట్ల రోగి చేతికి వచ్చేది అరచేతంత చీటీ. దాని మీద పేరు, రెండు మాత్రలు, అంతే. దెబ్బ ఎలా తగిలింది, ఏ రోజు, ఏ పన్ను, ఎక్స్‌రేలో ఏముంది అన్నది ఉండదు. బిల్లు అడిగితే ముఖం మారుతుంది. కోర్టుకు పిలుస్తారని, పోలీసులు వస్తారని భయం. ఆ భయం ఖరీదు రోగి కడుతున్నాడు. దెబ్బకు పన్ను పోతుంది, చీటీ దగ్గర హక్కు పోతుంది.

పైగా పంటి గాయం ఒక్కరోజుతో తీరదు. ఊడిన పన్నును తిరిగి పెడితే సుమారు రెండు వారాలు పక్క పళ్లకు తీగతో కట్టి ఉంచాలి, తర్వాత రూట్ కెనాల్ చేయాలి. పైకి బాగున్న పన్ను కూడా నెలల తర్వాత నల్లబడవచ్చు, వేరు కరిగిపోవచ్చు. అందుకే మొదటి బిల్లు చేతిలో పెట్టి, ఇక ఏమీ అడగనని సంతకం చేయమంటే చేయకండి. మా జిల్లాలో ఇంకో చిక్కుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్లు గారపట్టి పెళుసవుతాయి. నీ పళ్లు ముందే పాడయ్యాయి కదా అని తప్పించుకునేవాళ్లు ఉంటారు. ప్రభుత్వం మంచినీళ్లు ఇవ్వలేకపోయిన నేరం కూడా బాధితుడి మీదే వేస్తారా? బలహీనుణ్ణి కొట్టినా కొట్టడమే.

చివరగా మన సంఘం. క్లెయిము అనగానే కొందరు పెద్దలు రెండో చెంప చూపించమంటారు. ప్రధాన యాజకుని ఎదుట బంట్రౌతు కొట్టినప్పుడు యేసు మౌనంగా ఉన్నాడా? తన మాటలో తప్పుంటే సాక్ష్యం చూపమని, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. యోహాను 18:23 చూడండి. ఫిలిప్పీలో అన్యాయంగా దెబ్బలు తిన్న పౌలు, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. క్షమాపణ వేరు, సాక్ష్యాన్ని పూడ్చిపెట్టడం వేరు. పెదవి వాచి ఆరాధనకు వచ్చిన సహోదరి బాత్రూంలో జారిపడ్డానని చెబితే, ఆ మాట నమ్మినట్టు నటించే సంఘ పెద్ద ఎవరి పక్షాన ఉన్నట్టు?

యువతీ యువకులారా, మీరు చేయగల పనులు ఇవి. పెద్దవాళ్ల పన్ను ఊడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. రుద్దకుండా కడిగి, వీలైతే అదే స్థానంలో పెట్టండి, లేదంటే పాలలో వేసి గంటలోపే దంత వైద్యుని దగ్గరికి చేర్చండి. పిల్లల పాలపళ్లు మాత్రం తిరిగి పెట్టకూడదు. క్లినిక్కులో తేదీ, గాయానికి కారణం, పంటి నంబరు రాయించండి. ఎక్స్‌రే, ఫోటో, బిల్లు అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని దంత వైద్యుల నీతి నియమావళే చెబుతోంది. పనిచోట దెబ్బ తగిలితే ఆ రోజే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. ఈఎస్ఐ లేనివారికి అయిన వైద్య ఖర్చంతా యజమాని తిరిగి చెల్లించాలని 2009 సవరణ చెప్పింది. రోడ్డు ప్రమాదమైతే ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లండి. బీమా కంపెనీ కాదంటే అంబుడ్స్‌మన్‌కు రాయండి, దానికి రుసుము లేదు. చదువు రానివారికి ఈ కాగితాలు రాసిపెట్టడం సువార్త పరిచర్యే.

సంఘ పెద్దలు చేయాల్సింది పెద్ద పని. నష్టపరిహార పట్టికలో పన్ను చేరాలని, పంటి గాయాలకు 24 గంటల షరతు తీసేయాలని ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాలి. దేశంలో సిలికోసిస్ మొదట బయటపడింది మా కోలారు గనుల్లోనే. ఆ జబ్బుకూ పరిహారం పట్టికలో చోటు ఊరికే దొరకలేదు, అడిగితేనే దొరికింది. దాసుని పన్నును కూడా లెక్కలోకి తీసుకున్న దేవుణ్ణి ఆరాధిస్తూ, కూలివాడి పన్నును చిన్న విషయం అని దాటిపోయే హక్కు మనకు లేదు.