వంశం మీద నెపం

"మా వంశంలో ఎవరికీ లేదు, మాకెందుకొస్తుంది?" క్యాన్సర్ మాటెత్తితే మంఖాల్‌లోనూ, తుక్కుగూడలోనూ, శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ వెలిసిన కాలనీల్లోనూ వినబడే జవాబు ఇదే. పాన్‌డబ్బా ముందు నిలబడి, అరచేతిలో తంబాకు, సున్నం కలిపి బొటనవేలితో నలిపి కింది పెదవి వెనక పెట్టుకునే మనిషిదీ ఇదే ధీమా. పెళ్లి సంబంధాల దగ్గర ఈ నమ్మకమే ఇంకో వేషం కడుతుంది. పిల్ల తల్లికి క్యాన్సర్ వచ్చిందని తెలిస్తే చాలు, కుదిరిన సంబంధం కాస్తా తప్పిపోతుంది. ఒకరికి లేని రక్షణ ఉందని చెప్పి, మరొకరికి లేని మచ్చ అంటగట్టే నమ్మకం ఇది. దీన్ని ఖండించి తీరాలి.

క్యాన్సర్ జన్యువుల్లో వచ్చే మార్పుల వల్లే పుడుతుంది, సందేహం లేదు. అయితే ఆ మార్పుల్లో చాలా భాగం తల్లిదండ్రులు ఇచ్చినవి కావు. బతికినన్నాళ్లూ ఒంట్లోని కణాల్లో ఒకటొకటిగా చేరేవి.

ఈ సంగతి తేల్చినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. 1982లో అమెరికాలో మారియానో బార్బాసిడ్ తదితరులతో కలిసి ఆయన మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ అనే జన్యువును అక్షరం అక్షరం చదివారు. మామూలు జన్యువుకూ దానికీ తేడా ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం. 'జి' ఉండాల్సిన చోట 'టి' ఉంది. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలిన్ వచ్చి కూర్చుంది. కణాన్ని పెరగమని పురమాయించి, పని కాగానే ఊరుకోవాల్సిన ప్రోటీన్ ఇక ఊరుకోవడం మానేసింది. అదే ఏడాది రాబర్ట్ వైన్‌బర్గ్, మైఖేల్ విగ్లర్ బృందాలకూ ఇదే మార్పు కనబడింది.

వంశవాదానికి అసలు జవాబు 1984లో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 66 ఏళ్ల రోగి కణితిని బార్బాసిడ్ బృందం పరీక్షించింది. ఆ పరిశోధనలోనూ ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉన్నారు. కణితిలో రాస్ కుటుంబానికే చెందిన జన్యువు మారి ఉంది. అదే మనిషి ఆరోగ్యకరమైన ఊపిరితిత్తి కణజాలంలో, రక్తకణాల్లో ఆ మార్పు లేదు. పుట్టుకతో వచ్చిందైతే ఒళ్లంతా ఉండాలి కదా!

ఒక్క మార్పుతోనే క్యాన్సర్ రాదు. పెరగమనే జన్యువు అదుపు తప్పాలి, ఆపే జన్యువు చెడాలి, దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే ఏర్పాటూ కుంటుపడాలి. ఇవన్నీ ఒకే కణంలో కూడటానికి ఏళ్లు పడుతుంది. వయసు మళ్లినవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం ఇదే.

పొగాకు ఆ ఏళ్లను కుదించేస్తుంది. రోజుకో ప్యాకెట్ చొప్పున ఏడాదిపాటు సిగరెట్లు కాలిస్తే ఊపిరితిత్తిలోని ఒక్కో కణంలో సగటున 150 మార్పులు చేరతాయని 2016లో లెక్కగట్టారు. పొగలోని బెంజోపైరీన్ టీపీ53 అనే కాపలా జన్యువులో ఏయే చోట్ల అతుక్కుంటుందో 1996లో చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ జన్యువు తరచూ చెడే చోట్లూ అవే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన దగ్గరే ఇంకా పాత సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. చేతులు ఖాళీగా ఉంటాయి, పని ఆగదు. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. మిగతా ప్రపంచంలో అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనబడటానికి ఈ అలవాటే కారణమని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే రాశారు. 1971లో పింద్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ అంగిటిలో తెచ్చే మార్పులను నమోదు చేసింది. తల్లి నుంచి కూతురికి సంక్రమించింది రక్తం కాదు, చుట్ట.

వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్లు అసలు లేవా? ఉన్నాయి, నూటికి అయిదు నుంచి పది దాకా. రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో ముడిపడ్డ బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో తల్లికో తండ్రికో లోపం ఉంటే, అది పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. అలా వచ్చినా అది ముప్పే తప్ప జబ్బు కాదు. కణంలో ఆ జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో మిగిలిన మంచిది కూడా చెడితేనే క్యాన్సర్ మొదలవుతుంది. పసిపిల్లల కంటి క్యాన్సర్‌ను గమనించి ఆల్ఫ్రెడ్ నుడ్సన్ 1971లో చెప్పిన సూత్రం అదే. ఇక ఏ అలవాటూ లేనివాళ్లకూ క్యాన్సర్ వస్తుంది. కణం విడిపోయినప్పుడల్లా డీఎన్ఏ నకలులో తప్పులు దొర్లుతాయి, వాటికి ఎవరి తప్పూ అక్కర్లేదు. కాబట్టి రోగిని తప్పుపట్టేవాళ్లదీ అన్యాయమే.

పెళ్లికి క్యాన్సర్ చరిత్ర అడ్డంకి కాదు. తల్లికో అక్కకో చిన్న వయసులోనే రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలోని వైద్య జన్యుశాస్త్ర విభాగంలో సలహా తీసుకోండి. తంబాకు, గుట్కా అలవాటున్నవాళ్లు ఈ రోజే మానండి. నోట్లో తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ కనబడినా, పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా వంశవృక్షం తిరగేస్తూ కూర్చోవద్దు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. అక్కడికి వెళ్లి చూపించుకోండి.