పేరు కాదు, భయం అడగండి

కాగితాల్లేని మనిషిని నమ్మడం సర్కారుకు చేతకాదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా చేతనవును. 2024 మార్చి 11న వచ్చిన పౌరసత్వ సవరణ నిబంధనలు చదవండి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన హిందువు, సిక్కు, బౌద్ధుడు, జైనుడు, పార్శీ, క్రైస్తవుడు పాస్‌పోర్టు లేకున్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత దేశపు బడి సర్టిఫికెట్టో, భూమి కాగితమో ఉంటే చాలు. దాని గడువు తీరినా చెల్లుతుంది.

ఈ దయను మేం తప్పుపట్టడం లేదు. ప్రాణభయంతో ఇల్లొదిలి ఉరికేటోడు కాగితాలు సర్దుకుని ఉరకడు. ఆ సంగతి సర్కారుకు తెలుసు. మరి హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఎటు పోతోంది?

ఆ గుడిసెల్లో ఉండేది రోహింగ్యాలు. 1982 బర్మా చట్టం వాళ్లను సొంత గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 2017 ఆగస్టు నుంచి సైన్యం ఊళ్లు తగలబెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే కొందరు మన ఊరు చేరారు. చిత్తుకాగితాలు ఏరుకుని, కూలి చేసుకుని బతుకుతున్నారు. వాళ్ల చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుంది. 1951 శరణార్థి ఒప్పందం మీద భారత్ సంతకం చెయ్యలేదు గనక అది చెల్లదంటారు.

పోనీ దారే లేదా? 2011 డిసెంబరు 29న కేంద్ర హోంశాఖే దారి వేసింది. జాతి, మతం, లింగం, రాజకీయాభిప్రాయం లాంటి కారణాలతో వేధింపుల భయం ఉందని తేలితే, రాష్ట్రం సిఫార్సు మీద దీర్ఘకాలిక వీసా ఇవ్వొచ్చు. ఏడాదికోసారి పొడిగించొచ్చు, ఐదేళ్ల దాకా. ప్రైవేటు కొలువు చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. అందులో మతాల జాబితా లేదు.

ముస్లింలకు వేరే దేశాలున్నాయి కదా అంటారు హిందూత్వవాదులు. మరి 1983 నుంచి తమిళనాడుకు వచ్చి శిబిరాల్లో ఉంటున్న శ్రీలంక తమిళుల మాటేమిటి? వాళ్లలో ఎక్కువమంది హిందువులే. 2019 చట్టంలో వాళ్లకూ చోటు లేదు. జాబితా రాసే చెయ్యి ఎవరి పేరైనా కొట్టెయ్యగలదు.

సెక్యులర్ మిత్రులారా, ఆ చట్టం వచ్చినప్పుడు మీరూ మేమూ కలిసి రోడ్డెక్కాం. పౌరులం గనక కాగితం చూపం పొమ్మనగలిగాం. బాలాపూర్ మనిషికి ఆ ధైర్యం ఎక్కడిది? అతనికి కావల్సింది కాగితమే.

మా ఖౌమ్ పెద్దలకూ ఒక మాట. రంజాన్‌లో జకాత్ బియ్యం పంచి ఫోటో దిగితే తీరిపోదు. బియ్యం నెలలో ఐపోతాయి. దరఖాస్తు పెట్టించండి.

1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ జాతి హింస బాధితులకు ఉచిత న్యాయ సహాయం ఇమ్మంది. అక్కడ రాసింది ‘వ్యక్తి’ అని, ‘పౌరుడు’ అని కాదు. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు రోహింగ్యాలను పద్ధతి ప్రకారం పంపెయ్యొచ్చని చెబుతూనే, 14, 21 అధికరణలు పౌరులు కానివాళ్లకూ వర్తిస్తాయని ఒప్పుకుంది.

కాబట్టి జిల్లా న్యాయ సేవల సంస్థ బాలాపూర్‌లో బల్ల వెయ్యాలి. వాళ్ల భాష తెలిసిన దుబాసీని కూర్చోబెట్టాలి. దరఖాస్తు రాసిపెట్టాలి. రాష్ట్ర సర్కారు విచారించి సిఫార్సు ఢిల్లీకి పంపాలి. ఢిల్లీ కాదంటే, ఎందుకు కాదో రాసివ్వాలి.

ఆరు మతాలకు చూపిన నమ్మకం ఏడో మతానికీ, ఏ మతమూ లేనివాడికీ చూపండి. మేం అడిగేది ఇంతే.