ఓఆర్‌ఎస్ అంటే జ్యూస్ కాదు

చందనవెల్లి అనగానే ఇప్పుడు అందరూ అమెజాన్ డేటా సెంటర్ గురించే అడుగుతారు. అదే చందనవెల్లిలో గానీ, చేవెళ్లలో గానీ పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే చాలామంది షాపులో అడిగేవి రెండే: ఒక యాంటీబయాటిక్ గోలీ, ఒక జ్యూస్ ప్యాకెట్. ఈ రెండూ ఎందుకు పనిచేయవో సైన్స్ చదువుకున్న మనమే ఊర్లో చెప్పాలని నా అభిప్రాయం.

చిన్నపిల్లల విరేచనాలకు పెద్ద కారణాల్లో రోటావైరస్ ఒకటి. రోటా అంటే లాటిన్‌లో చక్రం. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం దీన్ని మైక్రోస్కోప్‌లో చూసింది. మన చిన్నపేగు లోపల వేళ్లలాంటి సన్నని మడతలుంటాయి. వాటి కొసల్లోని కణాలే నీళ్లు, ఉప్పు పీల్చుకుంటాయి. వైరస్ సరిగ్గా ఆ కణాల్లోకే దూరుతుంది. కణం దగ్గరున్న యంత్రాంగంతోనే తన కాపీలు చేయించుకుంటుంది, చివరికి కణం చచ్చిపోతుంది. అంతేకాదు, ఎన్‌ఎస్‌పీ4 అనే వైరస్ ప్రొటీన్ పక్క కణాల్లో కూడా కాల్షియం పెంచి, నీళ్లు బయటికి కారేలా చేస్తుంది. అంటే పీల్చుకోవడం తగ్గింది, కారడం పెరిగింది. పసిపిల్లలు గంటల్లో డీలా పడిపోయేది అందుకే.

ఫ్లూ వైరస్ పని కూడా ఇలాంటిదే, కాకపోతే శ్వాసనాళంలో. కఫాన్ని పైకి తోసే సన్నని నూగున్న కణాలను అది పాడుచేస్తుంది. యాంటీబయాటిక్ దెబ్బకొట్టేది బ్యాక్టీరియా గోడనో, దాని రైబోజోమునో. వైరస్‌కి ఆ రెండూ లేవు కదా, ఇక గోలీ ఎవర్ని కొడుతుంది? పేగులో ఉన్న మంచి బ్యాక్టీరియాని! మలంలో రక్తం పడినా, ఊపిరి కష్టమైనా డాక్టర్ చూసి రాస్తే అది వేరే సంగతి.

మరి ఓఆర్‌ఎస్ ఎలా పనిచేస్తుంది? పేగు దెబ్బతిన్నా ఒక ద్వారం చాలావరకు తెరిచే ఉంటుంది. దాంట్లోంచి సోడియం, గ్లూకోజ్ జతగానే లోపలికి పోతాయి, వాటి వెనకే నీళ్లు పోతాయి. అందుకే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. జ్యూస్‌లో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. మిగిలిపోయిన చక్కెర నీళ్లను తిరిగి పేగులోకే లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. మంచిదే. కానీ డబ్బా మీద పేరు పోయినంత మాత్రాన జనం అలవాటు పోదు.

హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రోటావ్యాక్ టీకాను తయారుచేసి 2015లో విడుదల చేసింది. రోటా టీకా ఇప్పుడు ప్రభుత్వ షెడ్యూల్‌లోనే 6, 10, 14 వారాలకు ఉచితం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఆశా వర్కర్ల దగ్గరా దొరుకుతాయి. ఇంత దగ్గరున్నవి మన గడపదాకా రాకపోతే ఏం లాభం?

మన క్లబ్ కవితల పోస్టర్లు వేస్తుంది కదా, ఈసారి ఒక్క పోస్టర్ మెడికల్ షాపుల కోసం వేద్దాం. మూడు లైన్లు చాలు: పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి. గ్లాసులో కొంచెం కొంచెం కలపొద్దు. పిల్లలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.