వత్తులు తెగిన విన్నపము

గత సంవత్సరము వేసవి సెలవుల చివర మా పాఠశాల వెబ్ పుటపై ఒక ప్రకటన వెలువడినది. దాని శీర్షిక "తల్లిదండ్రులకు విన్నపము". ప్రధానోపాధ్యాయులవారి గదిలోని కంప్యూటరుపై అది చూడముచ్చటగ నుండెను. ఎడమ ప్రక్క చిన్న స్తంభమున వార్తలు, కుడి ప్రక్క పెద్ద స్తంభమున ప్రవేశముల పట్టిక, నడుమ సన్నని గీత. దానిని కూర్చినవారము మేమే గనుక మిక్కిలి సంతోషించితిమి.

మరునాడు ఒక విద్యార్థి తండ్రిగారు తమ ఫోనును మా ముందుంచి, "అయ్యవారూ, ఇదేం తెలుగండీ?" అని యడిగిరి. చూడగా శీర్షిక "తలిదండులకు వినపము" అని యున్నది. వత్తులన్నియు క్రింది అంచున తెగిపోయినవి. కుడి స్తంభము ఎడమదాని క్రిందికి జారినది. దరఖాస్తు ఇచ్చుటకు తుది తేది తెర అంచునకు ఆవల దాగినది. పైన వరుసగా నుండవలసిన మాటలు "ప్రవేశములుఫలితములుసెలవులు" అని యొకదానినొకటి అంటుకొని, ఏ సూత్రమును లేకయే సంధి జరిగినది.

ఆయన నవ్వుచునే అడిగిరి. కాని వెడలిపోవుచు అన్న మాట మాకు ముల్లువలె నాటినది. "తమిళం పుటలు బాగానే కనిపిస్తాయి. మన తెలుగే ఈ ఫోన్లకు పడదేమో లెండి."

తెలుగునకు పడకపోవుట కాదు. తప్పు పుట కూర్చిన మాది. ఆ తప్పు ఎట్టిదో చెప్పుటకును, ఇకపై మన పాఠశాల పుటను ఏ ఒక్క యంత్రముకొరకు గాక, అందరును ఒప్పుకొన్న ప్రమాణము ననుసరించియే కూర్చవలెనని వాదించుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఇది యంత్రములు తెలిసినవారి విషయమని తల్లులును తండ్రులును దీనిని విడిచిపెట్టవలదు.

పుటలోని విషయము హెచ్.టి.ఎం.ఎల్. అను గుర్తులతో వ్రాయబడును. అది కంటికెట్లు కనబడవలెనో, రంగేమి, వెడల్పెంత, స్తంభమునకు స్తంభమునకు ఎడమెంత అనునది సి.ఎస్.ఎస్. అను నియమావళి చెప్పును. నాటకమునకు సంభాషణ వేరు, రంగాలంకరణ వేరు అయినట్లే ఇదియు. ఈ రెంటిని చదివి తెరపై చిత్రించునది బ్రౌజరు. టిమ్ బెర్నర్స్‌లీ 1989లో సెర్న్ పరిశోధనాలయమున వెబ్‌ను ప్రతిపాదించిరి. 1994 అక్టోబరులో హోకన్ వియుమ్ లీ సి.ఎస్.ఎస్.ను ప్రతిపాదించిరి, బెర్ట్ బాస్ ఆయనతో చేయి కలిపిరి. ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు త్రీ సి అను సంస్థయు ఆ యేడే పుట్టినది. 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. మొదటి ప్రమాణము వెలువడినది.

నియమము వ్రాయుట ఒకటి, దానిని పాటించుట ఒకటి. ఆనాడు నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రెండును ప్రజలను తమ బ్రౌజరువైపు లాగుకొను పోటీలో నుండెను. ప్రమాణములో కొంత పాటించి, కొంత విడిచి, కొంత తమకు తోచినట్లు చేసెడివి. "ఈ పుటను ఫలానా బ్రౌజరులోనే చూచుట మేలు" అని పుటలపై బిళ్ళలు వ్రేలాడెడివి. ఈ దుకాణములో సరకు కొనువారు మా తక్కెడనే నమ్మవలెనన్నట్లు!

ఆ తగవులలో ఒకదానిని మాత్రము వివరముగ చెప్పవలెను. ఇల్లు కట్టినవారికి అది వెంటనే బోధపడును. గది వెడల్పు పది అడుగులన్నచో, అది గోడల లోపలి కొలతయా, వెలుపలి కొలతయా? మేస్త్రి యొకటి తలచి యజమాని యొకటి తలచినచో మంచము పట్టదు. వెబ్ పుటలోని ప్రతి భాగమును ఒక పెట్టె. దానికి వెడల్పు 300 చుక్కలని వ్రాసి, లోపల ఇరుప్రక్కల 20 చుక్కల ఖాళీ, ఇరుప్రక్కల 5 చుక్కల అంచుగీత చేర్చితిమనుకొనుడు. ప్రమాణము చెప్పినది లోపలి కొలత. కావున పెట్టె మొత్తము 350 చుక్కలగును. విండోస్‌లోని ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రము 300 అన్నచో గోడలతో కూడ 300 అనియే గ్రహించెను. అందు వ్రాతకు మిగులునది 250. అట్టి పెట్టెలు రెండు 600 చుక్కల పుటలో ఎక్స్‌ప్లోరరునందు హాయిగ ఇముడును. ప్రమాణమును పాటించు బ్రౌజరునందు వానికి 700 కావలెను. చోటు చాలక రెండవ స్తంభము దబ్బున క్రిందికి జారును.

ఆ కాలపు కూర్పరులు దీనికొక ఉపాయము పన్నిరి. టాంటెక్ చెలిక్ అను నాయన వ్రాసినది ప్రసిద్ధము. ముందు ఎక్స్‌ప్లోరరునకు తగిన తప్పు కొలత వ్రాసి, తరువాత ఆ బ్రౌజరు సరిగా చదువలేని యొక చిత్రమైన గుర్తును పెట్టి, ఆపైన నిజమైన కొలతను వ్రాయుట. ఎక్స్‌ప్లోరరు ఆ గుర్తువద్ద తడబడి చదువు మానివేయును. తక్కినవి ముందుకు సాగి సరియైన కొలతను గ్రహించును. చదువురాని పెద్దకు ఒక చీటి, చదువుకొన్న పిన్నకు ఒక చీటి యిచ్చినట్లు. చాకచక్యమును మేము మెచ్చుకొనకపోము. కాని ఇట్టి ఉపాయములు అప్పువంటివి. 2006లో ఎక్స్‌ప్లోరర్ 7 వచ్చినపుడు పాత లోపములు కొన్ని దిద్దబడినవి. ఆ లోపముల నాధారము చేసికొని వ్రాసిన ఉపాయములును వానితోనే పనికిరాక పోయినవి.

మైక్రోసాఫ్ట్ 2001లో ఎక్స్‌ప్లోరర్ 6తో ప్రమాణపు కొలతకు దిగివచ్చెను. పుట మొదటి పంక్తిలో డాక్‌టైప్ అను ప్రకటన సరిగా ఉన్నచో ప్రమాణము ననుసరించును. లేనిచో పాత పద్ధతియే. ఒక్క పంక్తి మరచినందున పుటలన్నియు వంకర తిరిగిన కూర్పరులు ఎందరో!

ఇచ్చట ఒక వింత చెప్పక తీరదు. ఈ తగవులో ఓడినవాని పక్షముననే న్యాయముండెను. గోడలతో కూడ కొలుచుటయే మనుష్యునికి సులభము. పెట్టె కొనువాడు వెలుపలి కొలతయే యడుగును. తరువాతి కాలమున ప్రమాణమును వ్రాయువారు బాక్స్ సైజింగ్ అను నియమమును చేర్చి, ఏ కొలత కావలెనో కోరుకొనుటకు కూర్పరికి అధికారమిచ్చిరి. నేడు కూర్పరులలో పెక్కురు పుట మొదటనే వెలుపలి కొలతను కోరుకొందురు. ఐనను ఆనాడు మైక్రోసాఫ్ట్ చేసినది తప్పే యని మా యభిప్రాయము. మంచి కొలతయైనను ఒక్కడు పాటించినచో అది కొలత కాదు. మన దేశమున 1956లో తూనికలు, కొలతల చట్టము రాక పూర్వము శేరు ఒకచోట 80 తులములు, మరియొకచోట 24 తులములు. ఏ శేరు మంచిదని ఎవరును వాదింపలేదు. సంతలో నిలిచిన బీదవానికి కావలసినది అందరికిని ఒకే శేరు.

ఎక్స్‌ప్లోరర్ 6 తరువాత ఐదేండ్లవరకు క్రొత్త కూర్పు రాలేదు. ఎదుట పోటీయే లేనపుడు తొందర యెవరికి? ఆ కాలమున వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు అను పేర 1998లోనే కూడిన కూర్పరులు పట్టు విడువక పోరాడిరి. 2005లో వారు యాసిడ్ 2 అను పరీక్షాపత్రమును విడుదల చేసిరి. ప్రమాణమును సరిగా పాటించు బ్రౌజరులో అది నవ్వు ముఖమై కనబడును. లేనిచో ముక్కు చెవులు చెదరిపోవును. బ్రౌజరులకు పరీక్ష పెట్టి, ఫలితమును లోకమునకు చూపుట మా విద్యార్థులకు మిక్కిలి రుచించిన ఘట్టము.

ప్రమాణము ఫలించినదనుటకు మేము చూపు సాక్ష్యము 2017 మార్చి నెల. పుటను అడ్డముగను నిలువుగను గళ్ళుగా విభజించు గ్రిడ్ అను పద్ధతి, ఆ యొక్క నెలలోనే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడింటికిని వచ్చినది. స్తంభములను ప్రక్కలకు తేల్చి, జారిపోకుండ ప్రార్థనలు చేయు కాలము దానితో తీరినది. 2022 నుండి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా మొదలగు సంస్థలు ఇంటరాప్ అను పేర కూడి, బ్రౌజరుల నడుమ భేదములను ఏటేట తగ్గించుచున్నవి. ఆ 2022 జూనులోనే పాత ఎక్స్‌ప్లోరరునకు విశ్రాంతి దొరకినది.

ఐతే పాత జాడ్యము క్రొత్త పేరుతో తలయెత్తుచున్నది. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా మూడింటి లోపలను నేడు తిరుగునది ఒకే యంత్రము. "క్రోమ్‌లో చూచితిని, చాలును" అనువారు పెరిగిపోయిరి. గత సంవత్సరము మేమును అట్లే అంటిమి గదా!

ఇక మా తప్పుల కథ. కుడి స్తంభము జారుటకు ఏ బ్రౌజరును కారణము కాదు. ఎడమదానికి 260, కుడిదానికి 560 చుక్కలని రాతిపై చెక్కినట్లు వ్రాసితిమి. 360 చుక్కల ఫోనులో అవి ప్రక్కప్రక్కన ఎట్లు పట్టును? జారిన స్తంభము తెరకంటె 200 చుక్కలు పెద్దది. పైగా పుట ప్రక్కకు జరుగకుండ మేమే అడ్డుకట్ట వేసితిమి. తుది తేది ఆ 200 చుక్కలలో చిక్కుకొన్నది. అంటుకొన్న మాటలు మాత్రము నిజముగ బ్రౌజరు భేదమే. వరుసలోని మాటల నడుమ ఎడమును ఒకే మాటతో చెప్పు గ్యాప్ అను సౌకర్యము, ఫ్లెక్స్‌బాక్స్ వరుసలకు క్రోమ్‌లో 2020లోను, సఫారీలో 2021లోను వచ్చినది. అంతకు ముందటి ఫోనులు దానిని లెక్కచేయవు. పాత పద్ధతిని ఒక్కొక్క మాటకు మార్జిను ఇచ్చియుండినచో ఎవరికిని కష్టముండెడిది కాదు.

వత్తుల సంగతి మన భాషది. తెలుగున వత్తు అక్షరము క్రిందికి దిగును. స్త్రీ వంటి మాటలో ఇంకను లోతునకు దిగును. తమిళమున సంయుక్తాక్షరము పుల్లితో ప్రక్కప్రక్కనే సాగును గనుక పంక్తి ఇరుకైనను దానికంతగ బాధలేదు. ఆ తండ్రిగారు చూచిన భేదము ఇదియే. కన్నడమున మాత్రము మనకున్న చిక్కే యున్నది. మేము శీర్షికకు పంక్తి యెత్తును అక్షరపు టెత్తుతో సమానముగ బిగించి, పెట్టె దాటినది కనబడరాదని వ్రాసితిమి. ఆంగ్లమునకు కుట్టిన చొక్కాను మన అక్షరములకు తొడిగితిమన్న మాట. పైగా తెలుగు లిపి విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోనులో కోహినూర్ అను వేర్వేరు అచ్చులలో వచ్చును. వాని యెత్తులును లోతులును ఒకటి కావు. మా గదిలో ఇమిడినది ఆయన చేతిలో తెగినది.

ఇట్టివి ఇంకను కలవు. అక్షరముల నడుమ ఎడమును పెంచినచో తెలుగు పద్యము ఎముకలు విరిగినట్లగును. పేరా మొదటి అక్షరమును పెద్దదిగ చేయబోయిన "స్త్రీ" యొక్కటే యక్షరమని యంత్రమునకు తెలియవలెను గదా. యూనికోడ్ వారి సాధారణ సూత్రము ప్రకారము అది మూడు ముక్కలు. 2023లో వచ్చిన 15.1వ కూర్పుననే మన సంయుక్తాక్షరములకు ఒకే యక్షరమను గౌరవము దక్కినది. దేశభాషల లిపులు తెరపై ఎట్లు నిలువవలెనో చెప్పు పత్రమును డబ్ల్యు త్రీ సి వారు ప్రత్యేకముగ సిద్ధపరచిరి. చదువువాడు కావలెను గాని, ఆధారము లేకపోలేదు.

"ఇంత శ్రమ యెందుకు, ప్రకటనను ఫొటో తీసి పెట్టరాదా?" అని యొక మిత్రులు సలహా యిచ్చిరి. ఫొటోలో వత్తులు తెగవు, నిజమే. కాని చూపు తగ్గిన అవ్వకు ఫోను దానిని చదివి వినిపింపలేదు. వెదకినవారికి అది దొరకదు. అక్షరము పెద్దది చేసినచో మసకబారును. బొమ్మలో బంధించిన తెలుగు యంత్రము దృష్టిలో తెలుగే కాదు. పరాయి రాష్ట్రమున అల్పసంఖ్యాకులమై, పిల్లలను పట్టుపట్టి ఈ బడికి పంపుచున్న మనము మన భాషను మనమే బొమ్మగ మార్చుటకు మేమంగీకరింపము.

ఈ సంవత్సరము పుటను మరల వ్రాసితిమి. మొదటి పంక్తిలో డాక్‌టైప్ ఉన్నది; భాష తెలుగని ప్రకటించితిమి; స్తంభములు గ్రిడ్ పై నిలిచినవి, ఇరుకు తెరపై ఒకదాని క్రింద ఒకటి వచ్చును; పంక్తి యెత్తు అక్షరమునకు ఒకటిన్నర రెట్లకు పైగనే ఉంచితిమి; పెట్టెల యెత్తును బిగించుట మానితిమి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలో చూచితిమి. కాని మా వద్దనున్న ఫోనులు నాలుగే, అవియు క్రొత్తవి.

అందుచేత ప్రవేశములు మొదలగుటకు ముందు వచ్చు శనివారము మధ్యాహ్నము పదవ తరగతి గదిలో పుటను పరీక్షింప నిశ్చయించితిమి. తల్లిదండ్రులు తమ ఫోనులతో రావలెనని ప్రార్థన. అద్దము పగిలినదైనను, ఏడెనిమిదేండ్ల పాతదైనను సంకోచింపవలదు. మాకు ముఖ్యముగ కావలసినవి అవియే. రాలేనివారు పుటను తెరచి, వత్తు తెగినచోట చిత్రము తీసి పిల్లలచేత పంపినను చాలును.