పాట ఆగినా ఆగని రొద

ముచ్చటపడి హోమ్ థియేటరు కొంటారు. టీవీకి అటొక స్పీకరు, ఇటొక స్పీకరు, సోఫా వెనక మరో రెండు, మూల నేలమీద సబ్‌వూఫరు అనే పెద్ద పెట్టె. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ సినిమాకు కూచుంటారు. పోట్లాటలూ పాటలూ వున్నంతసేపూ భేషుగ్గా వుంటుంది. ఇంతలో నాయిక కళ్ళనీళ్ళు పెట్టుకుని మౌనంగా కిటికీ దగ్గర నిలబడే ఘట్టం వస్తుంది. గదంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు వినిపిస్తుంది, "బుయ్యి..." అని.

"తుమ్మెద దూరినట్టుంది, చూడరా" అంటారు తాతగారు. "ఫ్రిజ్జు కాబోలు" అంటుంది ఇల్లాలు. అబ్బాయి సినిమా ఆపేస్తాడు. నాయిక ఆగుతుంది గాని రొద ఆగదు. మర్నాడు పెట్టెలన్నీ ఆటోలో వేసుకుని కొన్న కొట్టుకు పరుగు. అక్కడ తగిలించి చూస్తే చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం! మళ్ళీ ఇంటికి తెస్తే మళ్ళీ అదే "బుయ్యి".

కొట్లో రాని రొద ఇంట్లో ఎందుకు వస్తుంది? ఆ ప్రశ్నలోనే సగం జవాబు వుంది. చాలా ఇళ్ళల్లో లోపం ఏ పెట్టెలోనూ వుండదు. పెట్టెల మధ్య కలిపిన చుట్టరికంలో వుంటుంది. వియ్యంకులిద్దరినీ విడివిడిగా చూడండి, ఇద్దరూ మర్యాదస్థులే. ఒక పందిట్లో కూర్చోబెడితేనే లెక్కలు తేలక రొద మొదలవుతుంది. ఇదీ అంతే.

రొద ఎక్కడిది?

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులది. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్పీకరులో వినపడేది ఆ ఊపే. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది గనుక అక్కడ మన పిల్లల ఇళ్ళల్లో ఇదే రొద కాస్త పై శ్రుతిలో వినిపిస్తుంది. జబ్బు మాత్రం ఒకటే.

గోడలో వుండవలసిన కరెంటు పాటలోకి ఎట్లా చొరబడింది? దానికి ఎర్తు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మూడు కాళ్ళ ప్లగ్గులో పైన వుండే లావుపాటి కాలు ఎర్తుది. లోపల అది పెట్టె ఇనపరేకుకు కలిసి వుంటుంది. బయట గోడలోని ఆకుపచ్చ తీగ గుండా పోయి, దొడ్లో గొయ్యి తీసి పాతిన గొట్టం దాకా చేరుతుంది. పుస్తకం ప్రకారం ఎర్తు అంటే సున్నా వోల్టులు. కాని ఎర్తు తీగ కూడా తీగే కదా, దానికీ కొద్దో గొప్పో నిరోధం వుంటుంది. పైగా ఇంట్లో వున్న కంప్యూటరూ, వాషింగు మెషినూ వంటివి అందులోకి చిటికెడు కరెంటు వదులుతూనే వుంటాయి. అంచేత హాల్లో తూర్పు గోడ సాకెట్టులోని సున్నాకూ, పడమటి గోడ సాకెట్టులోని సున్నాకూ వెంట్రుకవాసి తేడా వస్తుంది.

రెండు చెరువులున్నాయనుకోండి. నీటిమట్టంలో అంగుళం తేడా. మధ్య కాలువ లేనంతకాలం ఆ తేడా ఎవరికీ తెలియదు. కాలువ తవ్వారా, నీరు కదులుతుంది. ఆంప్లిఫయరు నుంచి సబ్‌వూఫరుకు మీరు వేసిన వైరే ఆ కాలువ. అందులో మధ్యన ఒక సన్నని తీగ, దాని చుట్టూ అల్లిన లోహపు తొడుగు వుంటాయి. ఆ తొడుగు రెండు పెట్టెల ఎర్తులనూ కలిపేస్తుంది. గోడలోని ఎర్తు తీగ ఒక వైపు, ఈ తొడుగు మరో వైపు, వలయం పూర్తయింది. గ్రౌండ్ లూప్ అని ఇంజనీర్లు అనేది దీన్నే. మనం ఎర్తు వలయం అనుకుందాం. ఆ తొడుగు పాట తిరిగి వెళ్ళే దారి కూడా కావడం వల్ల, అందులో పారే కరెంటు పాటతో కలిసిపోతుంది.

అంత స్వల్పమైన కరెంటు అంత రొద చేస్తుందా అంటారేమో. ఆ వైరులో పోయే పాట బలం గట్టిగా వున్నప్పుడే ఒక వోల్టు, అటూ ఇటూగా. మెల్లని ఘట్టాల్లో అది అందులో వందో వంతు, ఇంకా తక్కువ. వోల్టులో వెయ్యో వంతు దొంగగా చొరబడినా ఆంప్లిఫయరు దానికీ పాటతో సమానంగా మర్యాద చేసి, పెంచి పెద్ద చేస్తుంది.

"మా టీవీకి రెండు కాళ్ళ ప్లగ్గేనండీ, ఎర్తే లేదు, ఇక వలయం ఎక్కడిది?" అని అడగవచ్చు. టీవీకి గాని, దాని పక్క పెట్టెకు గాని కేబుల్ వాళ్ళ వైరు తగిలించి వుందా? ఆ వైరు తొడుగు వీధి స్తంభాల మీదుగా, ఎందరి ఇళ్ళతోనో కలిసి వస్తుంది. అది ఎక్కడో పక్క వీధి ఎర్తును మోసుకొచ్చి మీ ఇంటి ఎర్తుతో ముడిపెడుతుంది. మన ఇళ్ళల్లో ఈ రొదకు ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ప్రాణం మీదికి తెచ్చే వైద్యం

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ రొదకు బజార్లో ఒక సులువు వైద్యం వుంది. సబ్‌వూఫరు ప్లగ్గులో ఎర్తు కాలు కోసెయ్యడం, లేదా మూడు కాళ్ళను రెండు చేసే చిన్న అడాప్టరు తగిలించడం. చేసిన వెంటనే రొద ఆగిపోతుంది, నిజమే. వలయం తెగింది కదా! చేసినవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు కూడాను.

కాని ఆ కాలు ఎందుకు పెట్టారో ఆలోచించండి. అది మిగిలిన రెండు కాళ్ళ కంటే పొడుగు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలని, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలని అలా చేశారు. పెట్టె లోపల ఎప్పుడైనా ఫేజు తీగ వూడి ఇనపరేకుకు తగిలితే, కరెంటు ఎర్తు గుండా ఒక్కసారిగా పారి మీటరు దగ్గరి ఎంసీబీని పడగొడుతుంది. దీపాలు ఆరిపోతాయి, మనుషులు బతుకుతారు. ఎర్తు కాలు కోసేస్తే ఆ కరెంటుకు దారి వుండదు. అది రేకు మీదే కాచుకుని వుంటుంది. తడి చేత్తో పెట్టె తుడిచే పనిమనిషి కోసమో, వెనక పడ్డ బంతి కోసం చెయ్యి పెట్టే పసివాడి కోసమో.

కాబట్టి తెంచవలసింది పాట వైపు. ఎర్తు వైపు ఎన్నడూ కాదు.

దొంగను పట్టే పద్ధతి

మొదట ఒక చిన్న పరీక్ష. వాల్యూము పెంచి చూడండి. రొద కూడా పెరిగితే అది ఆంప్లిఫయరుకు వచ్చే వైర్ల నుంచి వస్తోంది. వాల్యూము ఎంత తిప్పినా రొద మారకపోతే అది వాల్యూము బిరడా దాటిన తరవాత పుడుతోంది. ఆంప్లిఫయరులోనో, సబ్‌వూఫరుకు పోయే వైరులోనో.

తరవాత అన్నిటి స్విచ్చీలూ కట్టెయ్యండి. ప్లగ్గులు తీశాకే వైర్లు ముట్టుకోండి. స్పీకరు వైర్లు తప్ప ఆంప్లిఫయరు వెనక వున్న వైర్లన్నీ వూడదీసి, దాన్ని ఒక్కదాన్నే వెలిగించండి. ఒంటరిగా కూడా రొద చేస్తోందంటే లోపం దానిదే. లోపల కరెంటును నునుపు చేసే కెపాసిటర్లు ముసలివై వుండవచ్చు. అది రిపేరువాడి పని. మీరు మూత విప్పకండి; ప్లగ్గు తీశాక కూడా వాటిలో కొంతసేపు కరెంటు నిలవ వుంటుంది.

ఒంటరిగా నిశ్శబ్దంగా వుంటే ఇక ఒక్కొక్క వైరే తగిలించండి. ప్రతిసారీ ఆపి, తగిలించి, వెలిగించి వినాలి. ఓపిక కావాలి. ఏ వైరు పెట్టగానే "బుయ్యి" అన్నదో వలయం ఆ దారినే పూర్తయిందన్నమాట. ల్యాప్‌టాప్ నుంచి పాటలు పెట్టేవారు దాని చార్జరు తీసి చూడండి. తీయగానే రొద పోతే దొంగ చార్జరే.

దొరికిన దొంగకు శిక్ష

మొదటిది కానీ ఖర్చు లేనిది. టీవీ, ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు, సెట్‌టాప్ బాక్సు, అన్నీ ఒకే సాకెట్టు నుంచి, ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టండి. ఎర్తులన్నీ ఒక్కచోటే కలిస్తే సున్నాల మధ్య తేడా వుండదు, వలయమూ చిన్నదవుతుంది. బరువెక్కువవుతుందన్న భయం వద్దు. 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల మీద 1380 వాట్లు మోస్తుంది. ఇంటి మోతాదు హోమ్ థియేటరు అందులో ఇమిడిపోతుంది. ఇస్త్రీ పెట్టెను మాత్రం అందులో గుచ్చకండి.

రెండవది, టీవీకీ ఆంప్లిఫయరుకూ మధ్య ఆప్టికల్ వైరు. అందులో పాట వెలుతురు రూపంలో పోతుంది. లోహం వుండదు గనుక వలయం పుట్టదు. చాలా టీవీల వెనక దానికి చోటు వుంటుంది. అయితే ఆప్టికల్ వైరు పెట్టి, పాత హెచ్‌డీఎంఐ వైరును కూడా అట్లాగే వుంచితే ప్రయోజనం లేదు. ముందు తలుపు గడియ వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు అవుతుంది.

మూడవది, కేబుల్ వైరు దొంగ అయితే అది ఇంట్లోకి వచ్చే చోట ఐసొలేటరు అనే చిన్న బిళ్ళ తగిలించాలి. బొమ్మను పోనిస్తుంది, ఎర్తును ఆపుతుంది. డాబా మీద సొంత డిష్షు వున్నవారు జాగ్రత్త! ఆ వైరులోంచే డిష్షుకు కరెంటు పోవాలి. మామూలు ఐసొలేటరు దాన్నీ ఆపేస్తుంది. రొదతోపాటు బొమ్మా పోతుంది. అటువంటివారు పాట వైరు మధ్యలో ఆడియో ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవడం మేలు. దానిలో పాట అయస్కాంతం గుండా దాటుతుంది, తీగ మాత్రం కలవదు. కాకపోతే నాసిరకం కొంటే మృదంగం కింది నాదం పలచబడుతుంది.

మరి కొన్ని సందేహాలు

ప్రశ్న: ఫాను రెగ్యులేటరు తిప్పినప్పుడల్లా స్పీకరు "చిర్రు" మంటుంది. ఇదీ ఎర్తు వలయమేనా?

జవాబు: సాధారణంగా కాదు. కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటును ముక్కలుగా కోసి ఫానుకు పంపుతాయి. ఆ కోత చప్పుడు అది. పాట వైర్లను ఆ స్విచ్చి బోర్డుకు దూరంగా నడిపించండి. పాట వైర్లనూ కరెంటు వైర్లనూ ఒకే కట్టగా కట్టకండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి.

ప్రశ్న: మాది పాత ఇల్లు. సాకెట్టుకు మూడు రంధ్రాలూ వున్నాయి. ఎర్తు వున్నట్టేనా?

జవాబు: రంధ్రం వుంటే చాలదు, వెనక తీగ వుండాలి. చాలా పాత ఇళ్ళల్లో అది వట్టి రంధ్రమే. ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించండి. ఎర్తు గొయ్యి వున్నా, ఉప్పూ బొగ్గులూ వేసి పాతిన గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీళ్ళు పోయించాలి. దానికి తోడు 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు దారి తప్పిన క్షణంలో ఆపేస్తుంది.

ప్రశ్న: రొద లేదు గాని ఆంప్లిఫయరు రేకు ముట్టుకుంటే చేతికి చిమచిమలాడుతుంది. అలవాటైపోయింది. ఫరవాలేదా?

జవాబు: అలవాటు చేసుకోకండి. ఎర్తు అందని పెట్టెలు కొన్నిటి రేకు మీద, లోపలి చిన్న కెపాసిటర్ల వల్ల, 230లో సగం వోల్టులదాకా నిలుస్తుంది. కరెంటు స్వల్పం గనుక ఇప్పటికి చిమచిమతో పోతోంది. కాని లోపల నిజంగా తీగ వూడినప్పుడు కూడా మొదట చెప్పేది ఆ చెయ్యే. ఈ రెంటికీ తేడా ముట్టుకుని తెలుసుకునేది కాదు. ప్లగ్గు తీసివుంచి, ముందు ఎర్తు వేయించండి. సినిమా రేపైనా చూడవచ్చు.